టిక్ టిక్ అంటున్న హార్డ్ డిస్క్, అందులో ఇరుక్కున్న బూట్ ఫైళ్లు

ఈసారి ఉత్తరాలన్నీ పోతున్న డిస్కుల గురించే. ఎండాకాలం ప్రభావమో ఏమో గానీ నాలుగు వచ్చాయి. మొదటిది కాస్త పెద్ద కథ, దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్తే సార్. చిక్కడపల్లిలో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు చేస్తాను. సిస్టం పాతదే, 1 టీబీ హార్డ్ డిస్క్. మూడేళ్ల కింద బాగా స్లో అయిందని ఒకాయన దగ్గర 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, అదే కొత్తరకం వేగవంతమైన డిస్క్, వేయించి దాంట్లో విండోస్ 10 కొట్టించాను. పాత డిస్క్ డీ డ్రైవ్‌గా ఉండిపోయింది, పని ఫైళ్లన్నీ అందులోనే. నెల రోజులుగా అది టిక్ టిక్ అంటోంది, ఒక్కో ఫోల్డర్ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పడుతోంది. విండోస్ ఎలాగూ ఎస్‌ఎస్‌డీలో ఉంది కదా అని మొన్న పాతదాని కేబుల్ పీకి ఆన్ చేస్తే, నల్ల స్క్రీన్ మీద ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అని వచ్చి ఆగిపోయింది. మళ్లీ తగిలిస్తే మామూలుగా ఆన్ అయింది. షాపాయనేమో రెండూ ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోస్ వేయాలంటున్నాడు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, కోరెల్ అన్నీ మళ్లీ పెట్టుకోవాలంటే వారం పని ఆగిపోతుంది, అసలే ముహూర్తాల సీజన్. వేరే దారి లేదా?

జవాబు: ఉంది, ఫార్మాట్ అక్కర్లేదు. మీకు జరిగిందేంటో ముందు చెప్తాను, అది అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. మీ విండోస్ ఎస్‌ఎస్‌డీలోనే ఉంది, నిజమే. కానీ కంప్యూటర్ ఆన్ అవగానే ఆ విండోస్ ఎక్కడుందో చూపించే చిన్న ఫైళ్లు కొన్ని వేరే ఉంటాయి, వాటినే బూట్ ఫైళ్లు అంటాం. అవి పాత డిస్క్ మీదే ఉండిపోయాయి. కొత్త ఫ్లాట్‌లోకి దిగి, తాళం చెవి మాత్రం పాత ఇంటి గూట్లో పెట్టుకున్నట్టు. రోజూ పొద్దున మీ సిస్టం పాత ఇంటికెళ్లి తాళం చెవి తెచ్చుకుని కొత్త ఇల్లు తెరుస్తోందన్నమాట.

ఇలా ఎందుకైందంటే, విండోస్ వేసేటప్పుడు పాత డిస్క్ కూడా తగిలించే ఉంది. ఇన్‌స్టాలర్‌కి మొదటి డిస్క్‌లో అప్పటికే బూట్ పార్టిషన్, అంటే బూట్ ఫైళ్ల కోసం విడగొట్టిన ముక్క, కనిపిస్తే కొత్తది చేయదు, ఉన్నదాన్నే వాడేసుకుంటుంది. విండోస్ కొట్టే ముందు పాత డిస్క్ కేబుల్ పీకేసి, అయ్యాక తగిలిస్తే ఈ గొడవే ఉండేది కాదు. రెండు నిమిషాల పని. చాలామంది చేయరు.

మీ సిస్టంలో నిజంగా ఇదే జరిగిందా అని చూసుకోండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఏ పార్టిషన్ కింద ‘సిస్టమ్’ అని రాసుందో బూట్ ఫైళ్లు ఉన్నది అందులో. ఏ పార్టిషన్ కింద ‘బూట్’ అని రాసుందో విండోస్ ఉన్నది అందులో. అవును, తిరగేసినట్టే ఉంటుంది, మైక్రోసాఫ్ట్ వాళ్లు పేర్లు అలాగే పెట్టారు, మనం అలవాటుపడాల్సిందే. మీ ఎస్‌ఎస్‌డీలో సీ డ్రైవ్ కింద ‘బూట్’ ఉండి, పాత 1 టీబీ డిస్క్‌లో ఏ 100 ఎంబీదో 500 ఎంబీదో చిన్న ముక్క కింద ‘సిస్టమ్’ అని కనిపిస్తే ఇక అనుమానం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ బూట్ ఫైళ్లను పాడైన డిస్క్ నుంచి జాగ్రత్తగా మోసుకురావాలని, మధ్యలో అది చచ్చిపోతే అంతా పోతుందని అందరూ భయపడతారు. మోసుకురావాల్సిన పనే లేదు. ఆ తాళం చెవి అచ్చు మీ సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలే ఉంది, ఒక్క కమాండ్‌తో కొత్తది తయారవుతుంది. పాత డిస్క్‌లో ఆ భాగం పూర్తిగా పాడైపోయినా ఫర్వాలేదు. మళ్లీ తయారు చేసుకోలేనివి మీ డీ డ్రైవ్‌లో ఉన్న ఇన్నేళ్ల పెళ్లి కార్డుల ఫైళ్లు. కాబట్టి ముందు వాటిని బయటికి తీయండి, బూట్ సంగతి తర్వాత. నాకు వచ్చే ఉత్తరాల్లో పదిలో తొమ్మిది మంది దీన్ని తిరగేసి చేస్తారు, బూట్ కోసం రెండు రోజులు కుస్తీ పట్టి, ఈలోగా డిస్క్ కాస్తా నోరు మూసేశాక ఫైళ్లు గుర్తొస్తాయి.

డిస్క్ ఎంత బాగోలేదో చూడాలంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. పసుపు రంగులో ‘కాషన్’ అని చూపిస్తే కింద వరసలో సున్నా ఐదు, సీ ఐదు, సీ ఆరు నంబర్ల ఎదురుగా ఏముందో చూడండి. పాడైపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే చిన్న చిన్న గళ్లు), చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్లు, ఇక చదవడం కుదరదని తేలిన సెక్టార్లు, ఆ మూడింటి లెక్క అది. రోజురోజుకీ పెరుగుతుంటే టైం దగ్గరపడినట్టే. ఒక్క సీ ఏడు మాత్రమే పెరుగుతుంటే తప్పు చాలాసార్లు డిస్క్‌ది కాదు, డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ది, అది మార్చి చూడండి. మీది టిక్ టిక్ అంటోంది కాబట్టి నేను కేబుల్ మీద ఆశ పెట్టుకోను.

ఫైళ్లను ఇంకో కొత్త డిస్క్‌లోకి తీసేటప్పుడు డీ డ్రైవ్ మొత్తం సెలెక్ట్ చేసి కాపీ పేస్ట్ కొట్టకండి. ఒక పాడైన ఫైల్ దగ్గర ఆగిందంటే అక్కడే గంటసేపు గిరగిరా తిరుగుతుంది, ఆ గంటా డిస్క్ తల బాదుకుంటూనే ఉంటుంది. ఈ నెల డెలివరీ ఇవ్వాల్సిన కార్డులు ముందు, తర్వాత పాత కస్టమర్ల ఫైళ్లు, సినిమాలూ పాటలూ ఉంటే చివర్లో. విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే కమాండ్ దీనికి బాగుంటుంది, కానీ చదవలేని ఫైల్ దొరికితే అది మామూలుగా 10 లక్షల సార్లు, సారికి 30 సెకన్ల చొప్పున ఆగి ఆగి ప్రయత్నిస్తుంది! అందుకని కమాండ్ చివర స్లాష్ ఆర్ కోలన్ 1, స్పేస్, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 అని పెట్టండి. ఇంకొక్కసారి మాత్రమే చూసి, రాకపోతే ముందుకెళ్లిపోతుంది. ఇంకో మాట, మీ పేజ్‌మేకర్, కోరెల్ ఫైళ్లు తమలో లింక్ చేసిన బొమ్మలు ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో గుర్తుపెట్టుకుని అక్కడే వెతుకుతాయి. కాబట్టి ఫోల్డర్ల పేర్లు మార్చకుండా యథాతథంగా కాపీ చేసి, పాతది తీసేశాక కొత్త డిస్క్‌కి డీ అనే అక్షరమే ఇవ్వండి. లేకపోతే ప్రతి కార్డు తెరిచినప్పుడల్లా వినాయకుడి బొమ్మ ఎక్కడ అని అడుగుతూ కూర్చుంటుంది.

‘చెక్‌డిస్క్’ మాత్రం ఇప్పుడే నడపకండి. పాడైన డిస్క్‌ని మొదటి నుంచి చివరి దాకా గీకమనడమే అది.

ఫైళ్లు బయటపడ్డాయా? ఇక బూట్ పని. స్టార్ట్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 అని టైప్ చేస్తే వచ్చే పట్టికలో ‘బయోస్ మోడ్’ ఎదురుగా లెగసీ (పాత బూట్ పద్ధతి) అని ఉందా, యూఈఎఫ్‌ఐ (కొత్త పద్ధతి) అని ఉందా చూడండి. రెండింటికీ దారులు వేరు, ఒకదానిది ఇంకోదానికి చేస్తే ఇంకో ఉత్తరం రాయాల్సి వస్తుంది. మీ పాత సిస్టం, మీకొచ్చిన మెసేజ్ చూస్తే లెగసీ అనిపిస్తోంది గానీ చూసే నిర్ధారించుకోండి.

లెగసీ అయితే సులువు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ‘మార్క్ పార్టిషన్ యాజ్ యాక్టివ్’ నొక్కండి. సీ మీదే, పక్కదాని మీద కాదు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఇక్కడ టైప్ చేయాల్సింది ఫోన్‌లో చెప్పినట్టు చెప్తాను: బీసీడీబూట్, స్పేస్, సీ కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, సీ కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్, స్పేస్, బయోస్. అన్నీ ఇంగ్లిష్‌లోనే, బీసీడీబూట్ అంతా ఒకే మాట. ఎంటర్ కొడితే ‘బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్’ అని ఒక్క లైన్ వస్తుంది. అంతే. ఇంతేనా అనిపిస్తుంది, ఇంతే.

యూఈఎఫ్‌ఐ అయితే ఎస్‌ఎస్‌డీ మీద ముందు చిన్న గది కట్టాలి. అదే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ అని కొట్టి, లోపల ఒక్కో లైన్‌గా: సెలెక్ట్ వాల్యూమ్ సీ. తర్వాత ష్రింక్ డిజైర్డ్ ఈక్వల్ టు 300. తర్వాత క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్‌ఐ సైజ్ ఈక్వల్ టు 260. తర్వాత ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్ ఈక్వల్ టు ఫ్యాట్32. తర్వాత అసైన్ లెటర్ ఈక్వల్ టు ఎస్. చివరికి ఎగ్జిట్. ఈక్వల్ టు అన్నచోట ఆ గుర్తు పెట్టండి, దాని అటూ ఇటూ ఖాళీ వదలొద్దు. ఒక లైన్‌కి ఎర్రర్ వస్తే అక్కడే ఆగండి. ముఖ్యంగా క్రియేట్ లైన్ సరిగ్గా కాకుండా ఫార్మాట్ లైన్ కొడితే చేతుల్లో ఉన్నది సీ డ్రైవే అని మర్చిపోవద్దు. బయటికొచ్చాక ఇందాకటి బీసీడీబూట్ కమాండే, కాకపోతే రెండోచోట సీ కోలన్ బదులు ఎస్ కోలన్, చివర బయోస్ బదులు యూఈఎఫ్‌ఐ.

డిస్క్ నంబర్‌తో కాకుండా సెలెక్ట్ వాల్యూమ్ సీ అని ఎందుకు చెప్పానంటే, నాకు ఒక దెబ్బ తగిలింది. ఒకసారి మా బంధువుల సిస్టంలో 500 జీబీ డిస్కులు రెండుంటే, డిస్క్ సున్నా ఏదో, డిస్క్ ఒకటి ఏదో నాకు తెలుసులే అనుకుని నంబర్‌తో సెలెక్ట్ చేసి, డిస్క్ మొత్తం తుడిచేసే క్లీన్ కమాండ్ కొట్టేశాను. గృహప్రవేశం ఫోటోలు. సగం వెనక్కి వచ్చాయి, మిగతా సగం గురించి వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నప్పుడల్లా వింటాను.

ఇప్పుడు పరీక్ష. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, అప్పుడే విండోస్ పూర్తిగా ఆగుతుంది. ప్లగ్ తీసి పాత డిస్క్‌కి ఉన్న రెండు కేబుళ్లూ పీకండి. ఆన్ చేస్తూ డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగ్స్‌లోకి, వెళ్లి బూట్ ఆర్డర్‌లో ఎస్‌ఎస్‌డీని పైకి తేండి. విండోస్ వచ్చిందా, అయిపోయింది, మీ అను ఫాంట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. లెగసీలో ఎప్పుడైనా నల్ల స్క్రీన్ మీద కర్సర్ మాత్రమే మినుకుమినుకు మంటుంటే, విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో ఎక్కి రిపేర్‌లోని కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ స్లాష్ ఫిక్స్‌ఎంబీఆర్ కొట్టండి. అదీ కుదరలేదనుకోండి, పాత డిస్క్ మళ్లీ తగిలించి బూట్ ఆర్డర్‌లో దాన్నే పైన పెట్టండి, ఎప్పటిలా వస్తుంది. దాంట్లో మనం ఏమీ తుడవలేదు కదా. అందుకే ఎస్‌ఎస్‌డీ ఒంటరిగా నాలుగు రోజులు ఆన్ అయ్యేదాకా పాతదాంట్లో ఆ ‘సిస్టమ్’ ముక్కని డిలీట్ చేయొద్దు.

సాయంత్రం మబ్బు పట్టి గాలి లేస్తున్నప్పుడు మాత్రం ఇది మొదలెట్టకండి. ష్రింక్ మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో చూసే ఓపిక మన ఇద్దరిలో ఎవరికీ లేదు. షాపులో యూపీఎస్ బ్యాటరీ పనిచేస్తుంటే సరే.

అన్నట్టు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. సీజన్ అయ్యాక దాని గురించి ఆలోచించండి, ఇప్పుడు రెండు పనులూ కలపకండి.

ప్రశ్న: మేడమ్ అనాలో సార్ అనాలో తెలియదు, క్షమించండి. నేను కొంపల్లిలో టీచర్‌ని. లాప్‌టాప్‌లో ఒకటే 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 11. డిస్క్ పోతోందని తెలిసి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నాను. పాతదాన్ని ఉన్నదున్నట్టు దాంట్లోకి క్లోన్ చేద్దామంటే సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ 38 శాతం దగ్గర ఆగిపోతోంది. రాత్రంతా చెక్‌డిస్క్ పెట్టాను, తెల్లారేసరికి 12 శాతమే అయింది. ఇంకా ఉంచనా?

జవాబు: సార్ అనండి, పర్లేదు. చెక్‌డిస్క్ ఇప్పుడే ఆపేయండి. పై ఆయనకి ఫార్మాట్ వద్దన్నాను, మీకు మాత్రం కొత్త ఎస్‌ఎస్‌డీలో కొత్తగా విండోస్ వేసుకోమనే చెప్తాను. క్లోనింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఆరోగ్యంగా ఉన్న డిస్కుల కోసం రాసినవి, చదవలేని చోటు తగిలితే ముందుకీ వెళ్లవు వెనక్కీ రావు. విండోస్‌కి బదులు వాడే లినక్స్‌లో డీడీరెస్క్యూ అని ఒకటుంది, అది తెలివైంది, పాడైన చోట్లు వదిలేసి ముందు మంచివన్నీ తెచ్చేస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైల్‌లో రాసుకుని మర్నాడు అక్కణ్నుంచి మొదలుపెడుతుంది. కానీ అది 1 టీబీని 1 టీబీగానే దించుతుంది, మీ 512లో పట్టదు. పైగా పాడైన విండోస్ ఫైళ్లను అలాగే తెచ్చుకుని ఏం చేసుకుంటారు?

ముందు ఫోటోలు, స్కూల్ ఫైళ్లు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి. ఆ తర్వాత, డిస్క్ విప్పకముందే, సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని ఫైళ్లకి వేసే రహస్య తాళం) ఆన్‌లో ఉందేమో చూడండి. కొత్త లాప్‌టాప్‌లలో మనకి చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది. ఉంటే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. అది లేకుండా పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో పెట్టి ఇంకో సిస్టంకి తగిలిస్తే, డిస్క్ బాగా తిరుగుతున్నా లోపల ఒక్క ఫైల్ కూడా తెరుచుకోదు. విండోస్ మళ్లీ కొనాలేమో అని భయపడకండి, లాప్‌టాప్‌తో పాటే విండోస్ వచ్చి ఉంటే దాని కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. విండోస్ వేసేటప్పుడు లోపల కొత్త ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉండాలి. ఎందుకో పైన చదివారు కదా.

ప్రశ్న: అన్నా, నేను కూకట్‌పల్లిలో బీటెక్ చదువుతున్నా. విండోస్ ఎస్‌ఎస్‌డీలో, ఉబుంటు లినక్స్ పాత హార్డ్ డిస్క్‌లో. హార్డ్ డిస్క్ సౌండ్ చేస్తోందని తీసేశా, ఇప్పుడు నల్ల స్క్రీన్ మీద గ్రబ్ అని వచ్చి ఆగిపోతోంది. విండోస్ పోయినట్టేనా?

జవాబు: పోలేదు తమ్ముడూ. గ్రబ్ అంటే ఉబుంటుని ఆన్ చేసే బూట్ ప్రోగ్రాం, దాని తొలి ముక్క ఎస్‌ఎస్‌డీలో ఉంది, మిగతాది నువ్వు పీకేసిన డిస్క్‌లో ఉంది, అందుకే దిక్కులు చూస్తోంది. బయోస్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో ఉబుంటుని కిందకి దించి ‘విండోస్ బూట్ మేనేజర్’ని పైకి పెట్టు, సరిపోతుంది. అలాంటి పేరే కనిపించలేదంటే నీది లెగసీ, విండోస్ పెన్‌డ్రైవ్‌తో ఎక్కి మొదటి జవాబులో చెప్పిన ఫిక్స్‌ఎంబీఆర్ కొట్టు. హోమ్ ఫోల్డర్‌లో ప్రాజెక్ట్ ఉంటే, ఆ డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో పెట్టి లైవ్ ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో తెరిచి ఇవాళే తీసుకో, వైవా ముందు రోజు కాదు.

ప్రశ్న: మల్కాజిగిరి నుంచి, రిటైర్డ్ ఉద్యోగిని. హార్డ్ డిస్క్ టక్ టక్ అంటూ అసలు గుర్తించడం లేదు. ఫ్రీజర్‌లో ఒక రాత్రి పెడితే పనిచేస్తుందని మా మనవడు వీడియో చూపించాడు. పెట్టమంటారా?

జవాబు: వద్దండీ. ఒకప్పుడు కొన్ని పాత మోడళ్లలో ఇరుక్కున్న భాగాలు చల్లదనానికి కాస్త వదులై పనిచేశాయని ఈ చిట్కా పుట్టింది. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది, ఆ తడి మీద రీడింగ్ హెడ్ తిరిగితే మిగిలిన ఆశ కూడా పోతుంది. అసలు గుర్తించడమే లేదంటే సాఫ్ట్‌వేర్లేవీ పనికిరావు, ఆన్ ఆఫ్ చేసి చూడటం ఆపేయండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపులుండే చోటు) చుట్టుపక్కల అడిగితే డేటా రికవరీ చేసేవాళ్లు దొరుకుతారు. డేటా వస్తేనే డబ్బులా, చూసినందుకు ఎంత అనేది ముందే మాట్లాడుకోండి. డిస్క్ మూత కౌంటర్ మీదే స్క్రూడ్రైవర్‌తో విప్పబోతే మాత్రం వెంటనే వెనక్కి తీసుకుని వచ్చేయండి, లోపల హెడ్‌కీ ప్లేటుకీ మధ్య ఖాళీ మన ఊరి దుమ్ము రేణువు కంటే చాలా చిన్నది. ఇప్పటికే ఫ్రీజర్‌లో పెట్టేసి ఉంటే, కవర్ విప్పకుండా అలాగే బయట పెట్టి ఒక రోజంతా ఆరనివ్వండి, మనవణ్ని దాని దగ్గరికి రానివ్వకండి.